కోటి ఒకటిలో పదకొండు

పొద్దున్నే బస్సెక్కి కూర్చోగానే ప్రూఫక్క చేసే మొదటి పని టికెట్టు మీది అంకెను విడగొట్టడం. రెండుతో పోతుందా, మూడుతో పోతుందా అని పెదవులు కదుపుతుంటే పక్కవాళ్లు జపం అనుకునేవారు. ఆవిడకూ అది అంతకు తక్కువేం కాదు. ప్రతి అంకెనూ దేవుడు ఏదో ఒక ముడి వేసి పంపాడని, ఓపికుంటే విప్పుకోవచ్చని నమ్మేది. దేనితోనూ విడిపోని అంకె తగిలిన రోజు కండక్టరుకు చూపించేది. ఆయన అర్థం కాకపోయినా "మంచిదే పడిందమ్మా" అనేవాడు. ఆవిడ నిదానంగా దిగేదాకా బస్సు కదలనిచ్చేవాడు కాదు.

ఇరవై ఆరేళ్లుగా అచ్చాఫీసులో కిటికీ పక్క బల్ల దగ్గర తప్పులు దిద్దుతూ, అసలు పేరు అందరూ మరిచిపోయి, ప్రూఫక్కగానే స్థిరపడింది.

ఆ ఏడాది బడిపిల్లల లెక్కల పుస్తకం అచ్చుకొచ్చింది. డెబ్బై రెండో పేజీలో "కోటి ఒకటి విడిపోని సంఖ్య. రెండు, మూడు, అయిదు, ఏడు, వేటితోనూ పోదు" అని ఉంది. ఆవిడ కలం ఆగింది. 1,00,00,001. అటూ ఇటూ ఒకట్లు, నడుమ ఆరు సున్నాలు. ఒకటి విడిచి ఒకటి కూడితే రెండు జట్లలోనూ వచ్చేది ఒకటే. అంటే పదకొండుతో శుభ్రంగా పోతుంది.

పుస్తకం రాసిన లెక్కల మాస్టారు ఓనరు గదిలోనే ఉన్నారు. ఆవిడ ప్రూఫు పట్టుకుని లోపలికెళ్లింది.

"మాస్టారూ, ఏడు దగ్గరే ఆగిపోయారేం?"

"ఆ నాలుగింటితో చూస్తే చాలమ్మా. ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను."

"నూట ఇరవై దాకా చాలు. నూట ఇరవై ఒకటి దగ్గరే ఆ సూత్రం చచ్చింది. ఇది కోటి."

ప్రూఫు అంచున, పదకొండుతో భాగిస్తే వచ్చే 9,09,091 వేసి, కింద ఒక స్థానం జరిపి మళ్లీ అదే వేసి కూడింది. ఒక్కో గడిలో పది కావడం, సున్నా దిగడం, ఒకటి పక్కకు పోవడం. చివరికి కోటి ఒకటి నిలిచింది. ఆ కుదురుకు ఆవిడ మనసు ఒక్క క్షణం కరిగింది.

మాస్టారు చూశారు. మళ్లీ చూశారు. ముఖం పాలిపోయింది గానీ నోరు తగ్గలేదు.

"సరేలే. జవాబుల పట్టీ కూడా అచ్చయిపోయింది. పుస్తకంలో ఉన్నదే జవాబు. పదకొండు అని రాసినవాడికి సున్నా వేస్తాం."

ఓనరు నవ్వాడు. "వదిలెయ్ అక్కా. కోటిని విడగొట్టే మొనగాడు ఏ బెంచీ మీద కూర్చున్నాడని?"

తెలియక తప్పు రాసినవాడిని ఆవిడ ఎన్నడూ ఏవగించుకోలేదు. తప్పని కళ్లారా చూసి, దాన్నే పసివాళ్ల చేత అప్పజెప్పిస్తాననే మాట విన్నాక మాత్రం మురుక్కాలవ ఒడ్డున ముద్ద మింగినట్టయింది. సరిగ్గా చేసిన పిల్ల తన లెక్కను తానే కొట్టేసుకుంటుంది. ప్రూఫు కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని బయటికొచ్చింది. కుళాయి దగ్గర చేతులు రెండుసార్లు కడుక్కుంది. అయినా జిడ్డు వదిలినట్టు లేదు.

అచ్చు మిషను నడిపే కుర్రాడు ఆవిడ ముఖం చూసి తన స్టూలు ఇటు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

"తమ్ముడూ, ఓనరు చేత తిట్లు తినే పని. తినగలనంటేనే చెయ్యి. ఈ గుణకారం చిన్న చీటీగా అచ్చొత్తి, ఒక్కో పుస్తకంలో ఒక్కోటి ఆ పేజీ దగ్గర పెట్టించు. ఎవరు చెప్పారంటే నా పేరే చెప్పు."