ఒకే తొట్టెలో పడేవీ పడనివీ

మా బావమరిది కిడ్నీ వాళ్ళప్పకి సరిపడదని తేలిన ఎండాకాలంలోనే, గోల్‌మురిలోని మా ఇంటికి ఉప్పునీళ్ల చేపల తొట్టె వచ్చింది. వాళ్ళప్ప, అంటే వాళ్ళక్క, మా ఆవిడ. నాకు మేనమామ కూతురు. పెళ్లికి ముందూ తరువాతా నన్ను బావా అనే పిలిచింది. అప్పటికే రోజు విడిచి రోజు డయాలసిస్‌కి వెళ్తోంది. నా రక్తం గ్రూపు మొదట్లోనే కుదరలేదు. తమ్ముడిది కుదిరింది. అతను గూడ్సు బండి గార్డు, టాటానగర్‌లో రైల్వే క్వార్టర్లో ఉంటాడు. అప్పకి కిడ్నీ ఇవ్వాలని ఏళ్లనాటి ఖైనీ పొగాకు అలవాటు మానేశాడు. పెళ్లాం ఏడ్చి గొడవ చేస్తే, "నాకు రెండున్నాయి. మా అప్పకి ఒక్కటీ పని సెయ్యట్లేదు" అని ఒక్క మాటతో నోరు మూయించాడు.

ఆఖరి పరీక్షలో అతని రక్తమూ ఆమె రక్తమూ కలిపి చూశారు. కలవలేదు. అతని కిడ్నీని ఆమె ఒళ్లు నిలవనివ్వదని డాక్టరు హిందీలో మెల్లగా చెప్పాడు. "ఒకే అమ్మ కడుపున పుట్టినోల్లం గదా సార్, ఎలాగ కలవదు?" అని బావమరిది తెలుగులోనే అడిగాడు. డాక్టరుకి తెలుగు రాదు. ఆ మాటని నేను హిందీలోకి మార్చి చెప్పలేదు. బయటికొచ్చాక అతను అప్ప మొహం చూడకుండా, డ్యూటీ ఉందని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తరువాత చాలా వారాలు మా ఇంటి గుమ్మం తొక్కలేదు. ఫోను చేస్తే లైన్లో, బండి మీద ఉన్నాననేవాడు.

డయాలసిస్ చేసే చోట, బయట హాల్లో ఓ అద్దాల తొట్టె ఉండేది. ఎవరికి తోచిన చేపని వాళ్లు తెచ్చి అందులో వేసేవారు. పెద్దవి చిన్నవాటి తోకలు కొరికేవి. మా ఆవిడ తన వంతు వచ్చేదాకా దాని ముందే కూర్చునేది. ఓ రోజు సగం తోకతో మూలకి నక్కిన చేపని చూసి, "పడనోల్లందర్నీ ఒక సోట పడీసి, ఆల్లు కొట్టుకు సత్తంటే మనం సూత్తన్నాం బావా" అంది. ఇంటికి వస్తూ ఆటోలో మళ్లీ అదే మాట ఎత్తింది. "మనింట్లో ఒకటి ఎడదాం. ఎవులూ ఎవుల్నీ తిననిది."

నేను మంచినీళ్ల తొట్టె అనుకున్నాను. ఆమెకి సముద్రపు చేపలే కావాలి. ఫోన్లో చూసిందట, ఆ రంగులు మంచినీళ్ల చేపలకి ఉండవట. చిటికెడు ఉప్పు ఎక్కువ తినకూడని మనిషి, దాహానికి నీళ్లు కొలుచుకుని తాగే మనిషి, బకెట్లతో ఉప్పునీళ్లు కలుపుతానంటోంది. సరేనన్నాను.

సాక్చీ బజార్లో తొట్టె కొన్నచోట, దాంతోపాటు నీలంరంగు డాంసెల్ చేపలు కూడా అంటగట్టబోయాడు కొట్టువాడు. గట్టి చేపలు, చావవు అన్నాడు. చావవు సరే, తరువాత వచ్చేవాటిని బతకనిస్తాయా అని మా ఆవిడ హిందీలో ఎదురడిగింది. వాడు నవ్వి, రాళ్లూ ఉప్పూ మాత్రం కట్టి ఇచ్చాడు.

వెంటనే చేపల్ని వేయకూడదు. కొన్ని వారాలపాటు ఉత్త నీళ్లే ఆ రాళ్ల మధ్య తిరుగుతూ ఉండాలి. దాన్ని ఆమె "నీల్లు పండడం" అనేది. నీళ్లు పండేలోగా మాకు రోజూ సాయంత్రం ఒకటే పని. నేను ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చేసరికి, సూదులు గుచ్చిన చేతిని దిండు మీద పెట్టుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకుని మంచం మీద ఉండేది. ఏ చేప ఎంత పెరుగుతుంది, ఏది ఏం తింటుంది, దేనికి దాక్కునే చోటు కావాలి, ఏది తన జాతిదాన్నే పక్కన ఉండనివ్వదు, అన్నీ నాకు చదివి వినిపించేది.

"ఇదుగో, గోబీ అంట."

"గోబీ అంటే కూర గదే?"

"కూర కాదు, సేప. దీనికి ఒక రొయ్య జోడీ. రొయ్యకి కల్లు సరిగ్గా ఆనవు. అది కన్నం తవ్వుతాది, ఇది కాపలా కాత్తాది. రొయ్య ఒక మీసం దీని ఒంటి మీద ఆనించి ఉంచుతాది. ఏదైనా వత్తే ఇది తోకాడిత్తాది. రెండూ కన్నంలోకి ఎల్లిపోతాయి."

ఈకల విసనకర్రల్లాంటి రెక్కలున్న సింహం చేప నాకు నచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. నోట్లో పట్టే దేన్నయినా మింగేస్తుందట. "ముందు నోరు సూడాల బావా. రంగు తరవాత" అంది. పసుపుపచ్చగా పళ్లెంలా ఉండే ఇంకో చేపని తనే ఇష్టపడి, తనే వద్దంది. అది సముద్రంలో రోజంతా తిరిగే చేప, మన తొట్టె దానికి జైలవుతుంది అంది. అలా నెల పైన వెతికితే చివరికి మిగిలినవి గోబీ, దాని రొయ్య, నారింజరంగు మీద తెల్లపట్టీలున్న రెండు క్లౌన్ చేపలు. అంతే. బెదురు గొడ్డుని ముందు దింపాలి, లేకపోతే దానికి చోటు దొరకదు అంటూ గోబీనీ రొయ్యనీ ముందు వేయించింది. అవి రాయి కింద ఇల్లు కట్టుకున్నాకే క్లౌన్లు వచ్చాయి.

ఫోన్లో చెప్పినట్టే జరిగింది. రొయ్య ఇసుక తోసుకుంటూ బయటికి వచ్చేది, గోబీ గుమ్మంలో నిలబడేది, రొయ్య మీసం దాని వీపు మీద ఉండేది. డయాలసిస్ నుంచి వచ్చిన రోజుల్లో మా ఆవిడకి తల ఎత్తే ఓపిక ఉండేది కాదు. అయినా మంచం తొట్టె వైపు తిప్పించుకుని, వాటిని చూస్తూ నిద్రపోయేది.

వానలు పట్టాక ఓ ఆదివారం మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. చేతిలో థర్మోకోల్ డబ్బా. సెలవు పెట్టి కలకత్తా వెళ్లి, చేపల బజారంతా తిరిగి వచ్చాడట. అప్ప తొట్టె పెట్టిందని తన పెళ్లాం ద్వారా తెలిసిందట. డబ్బాలోంచి గాలి నింపిన ప్లాస్టిక్ సంచి తీశాడు. లోపల బొటనవేలంత చేప. నల్లటి ఒళ్లు, పొట్ట మీద గుండ్రటి తెల్ల మచ్చలు, మూతికి పసుపు రాసినట్టుంది.

"దీన్ని ట్రిగ్గర్ అంటారంట అప్పా. ఆ కొట్లో దీనికన్నా బాగున్నది ఇంకోటి లేదు."

ఆ పేరు నాకూ తెలుసు. ఆమె మొదట్లోనే కొట్టేసిన పేరు. అది రొయ్యల్నీ నత్తల్నీ పళ్లతో పగలగొట్టి తింటుంది. పెద్దదయ్యాక పళ్లెమంత అవుతుంది, దేన్నీ పక్కన ఉండనివ్వదు. మా ఆవిడ సంచిని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది.

"శానా బాగున్నాది రా" అంది.

పరీక్ష రోజు తరువాత అతను అప్ప మొహంలోకి చూడడం అదే మొదటిసారి. అన్నం తిన్నాడు. తొట్టె ముందు కూర్చుని కబుర్లు చెప్పాడు. అతను వెళ్లాక, ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆడి మొకం సూసినావా నువ్వు? ఎలాగ సెప్పీది?"

సంచిలో అది ఎక్కువసేపు బతకదు. దానికని ఇంకో తొట్టె తెచ్చి నీళ్లు పండించేదాకా, కూరలు కడిగే చిల్లుల బుట్టకి థర్మోకోల్ ముక్కలు కట్టి, ఆ బుట్టలో దాన్ని ఉంచి తొట్టెలో తేలేలా పెట్టాం. పైన ఇంకో బుట్ట మూత వేసి తాడు కట్టాను. రెండో తొట్టెకి రాళ్లు కూడా తెచ్చాం.

ఆ వారంలోనే ఒకరోజు డయాలసిస్ మధ్యలో ఆమెకి బీపీ పడిపోయింది. చాలాసేపు అక్కడే పడుకోబెట్టారు. ఇంటికి వచ్చేసరికి బుట్ట ఒక పక్కకి ఒరిగి ఉంది. తాడు ఎలా వదులైందో తెలియదు. ట్రిగ్గర్ బయట ఉంది, తొట్టె మధ్యలో నిదానంగా తిరుగుతోంది. కన్నం దగ్గర ఇసుక మీద రొయ్య కాళ్లు, విరిగిన ఒక గోరు. క్లౌన్లు రెండూ పైమూలకి చేరి ఉన్నాయి. గోబీ మాత్రం కన్నం గుమ్మంలోనే నిలబడి ఉంది.

మా ఆవిడ ఏడవలేదు. కుర్చీ తెప్పించుకుని అద్దం ముందు కూర్చుంది. నేను చొక్కా చేతులు మడిచి, ఒక్కో రాయీ బయటికి తీసి, ట్రిగ్గర్‌ని వలతో పట్టి మళ్లీ బుట్టలో వేశాను. ఈసారి వైరుతో కట్టాను. రాళ్లు మళ్లీ పేర్చినప్పుడు ఆ కన్నం అలాగే రాలేదు. గోబీకి ఇల్లు దొరకలేదు. ఒక చోట ఇసుక మీద ఆగేది, తోక ఆడించేది, ఎవరూ రాకపోతే ఇంకో చోటికి జరిగేది. వేసిన తిండి దాని ముందునుంచే కొట్టుకుపోయేది. ఓ ఉదయం పంపు దగ్గర జాలీకి అంటుకుని కనబడింది.

ఆ తరువాతి ఆదివారం బావమరిది మళ్లీ వచ్చాడు. ఈసారి సంతోషంగా వచ్చాడు, చేతిలో ట్రిగ్గర్‌కి తిండి. బుట్టలో ఉన్న చేపని చూశాడు, ఖాళీ ఇసుకని చూశాడు. దాచడానికి లేకుండా పోయింది. నేనే చెప్పాను. అతను తెచ్చిన పొట్లాన్ని వేళ్లతో నలుపుతూ కూర్చున్నాడు.

"నానేటి తెచ్చినా నీకు కలవదా అప్పా?" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది మా ఆవిడ. పరీక్ష కాగితం చేతికి వచ్చిన రోజు కూడా ఏడవని మనిషి. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, వీపు నిమిరింది.

"నీదేటి తప్పు రా? దానిదీ తప్పు కాదు. దాని తిండి అది తిన్నాది. దానికి ఒంటి కాపురం ఇల్లు కావాల, అంతే. నీ కాడ ఎట్టుకో. నాను సెప్తాను ఎలాగ పెంచాలో."

రెండో తొట్టెని అతని క్వార్టర్‌కే చేర్చాం. నీళ్లు పండేదాకా ఆగి, చేపని తీసుకెళ్లాడు. ఆ తరువాత అక్కాతమ్ముళ్ల మాటలన్నీ దాని గురించే. ఎంత ఉప్పు, ఎంత వేడి, తింటోందా లేదా. డ్యూటీ దిగగానే వీడియో కాల్ చేసేవాడు. అతను ఆల్చిప్ప మాంసం వేళ్లతో పట్టుకుంటే అది వచ్చి లాక్కునేది. కిడ్నీ మాట ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

చలికాలం వచ్చేసరికి ఆమె గుండె కూడా నీరసించింది. మెట్లు దిగి ఆటో ఎక్కించాలంటే నేను మోయాల్సి వచ్చేది. ఒకరోజు, క్లౌన్లకి ఇల్లు వెతకమంది. నేను చూసుకుంటానన్నాను. "నువ్వు షిఫ్టుకి ఎల్తావు, హాస్పటల్ కాడ ఉంటావు. ఆట్ని ఎవులు సూత్తారు?" అంది. కొట్టువాడికి తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. వాడు ఎవరితో పడితే వారితో కలిపేస్తాడు.

కొట్లోనే ఆచూకీ దొరికి, అగ్రికోలో ఉండే ఓ బెంగాలీ టీచరమ్మని ఇంటికి పిలిచాను. ఆవిడకి ఉప్పునీళ్ల తొట్టె ఉంది. మా ఆవిడ మంచం మీంచే అన్నీ అడిగింది. మీ తొట్టెలో ఎవరెవరున్నారు? అందరికన్నా పెద్ద నోరు దేనిది? క్లౌన్లు ఇంతకుముందే ఉన్నాయా? మీరు ఊరెళ్తే తిండి ఎవరు వేస్తారు? పెళ్లిచూపులకి వచ్చిన వాళ్లని కూడా ఎవరూ అంతలా అడగరు. టీచరమ్మ విసుక్కోకుండా ఒక్కోదానికీ జవాబు చెప్పింది. తన ఫోన్లో తొట్టె చూపించింది. చివరికి, ఇంత ఇష్టం ఉండి ఎందుకు ఇచ్చేస్తున్నారని అడిగింది. నీళ్లు మార్చే ఓపిక లేదని చెప్పింది మా ఆవిడ.

క్లౌన్లు వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం నేను తొట్టె ఖాళీ చేశాను. ఉప్పునీళ్లు మొక్కలకి పోయకూడదు, ఒక్కో బకెట్టూ వీధి కాలువలో పోసి వచ్చాను. ఆఖరి బకెట్ పోసి లోపలికి వచ్చేసరికి ఆమె మెలకువగానే ఉంది.

"ఇంక సాయంత్రం ఏటి సేత్తావు బావా?"

"నీ కాడ కూకుంటాను."

"తరవాత?"

నేను తడిచేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ నిలబడ్డాను.

"తమ్ముడి కాడికి ఎల్తుండు. ఆడు మాటాడ్డు, నువ్వూ మాటాడవు. మీ ఇద్దరికీ పడతాది" అంది.

హోలీకి ముందే ఆమె పోయింది. ఆదివారాలు నేను రైల్వే క్వార్టర్లకి వెళ్తున్నాను. బావమరిది టీ ఇస్తాడు. డ్యూటీ ఎక్కడిదాకా పడిందో చెబుతాడు, నేను ప్లాంటులో ఏం జరిగిందో చెబుతాను. ఆ తరువాత ఇద్దరం ట్రిగ్గర్ తొట్టె ముందుకి జరుగుతాం, అతను దానికి ఆల్చిప్ప మాంసం వేస్తాడు. కాసేపు కూర్చుని, స్కూటర్ తీసుకుని గోల్‌మురి వచ్చేస్తాను.