తహశీల్దారు గారి మూడో చేప

1354 ఫస్లీ ఎండాకాలంలో, అంటే ఇంగ్లీషు లెక్కన 1945లో, నేను సిద్దిపేట పశువుల దవాఖానలో కంపౌండర్‌ని. కంపౌండరంటే మందులు నూరి సీసాలకెత్తేవాడని ఇప్పటివాళ్లు తేలిగ్గా అనేస్తారు. డాక్టరు నెలలో ఇరవై రోజులు ఊళ్లమీదే ఉండేవాడు. ఆ ఇరవై రోజులూ పుండుపడ్డ డెక్కలు కడిగిందెవరు, ఈనలేని బర్రె పక్కన కూర్చున్నదెవరు? నేను నాలుగో తరగతి దాటలేదు. డాక్టరు పాత పుస్తకాలు ముందేసుకుని ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. వాటిలో గుర్రం నుంచి కోడి దాకా అన్నీ ఉన్నాయి. చేప లేదు.

డాక్టరు జగదేవ్‌పూర్ వైపు టీకాలు వేయడానికి పోయినప్పుడు తహశీల్దారు బంగళా నుంచి పిలుపు వచ్చింది. హైదరాబాదు నుంచి తెప్పించిన నాలుగు ఎర్రచేపలు గాజుపెట్టెలో ఉండేవి. రెండు చచ్చాయి. మూడోది పక్కకు ఒరిగి, నీటిపైకి వచ్చి నోరు తెరుస్తోంది. నీళ్లు పోసే రాజవ్వ విషం కలిపిందని తహశీల్దారు అప్పటికే తేల్చేసుకున్నాడు. ఆలస్యంగా వచ్చినందుకు ముందటి వారం ఆమె తిట్లు తిన్నదట. అదే సాక్ష్యం!

"ఇంకోటి సచ్చిందంటే దీన్ని ఠాణాకు తోలిస్త. ఏం విషం పెట్టిందో నువ్వు రాసియ్యి," అన్నాడు.

ఆ రోజుల్లో ఠాణాకు పోయిన బీద ఆడమనిషి గతి ఏమవుతుందో అందరికీ తెలుసు. గుమ్మం బయట నేలమీద కూర్చున్న రాజవ్వ నేను దాటుతుంటే మెల్లగా అంది: "నాకు కోపమొస్తే చేపల మీద ఎందుకు తీస్త సారూ? చేపలు నన్నేమన్నయి?"

పశువును ముట్టకముందు దూరం నుంచి చూడాలి, అది మా పద్ధతి. నిలబడ్డ తీరు, ఊపిరి, ఒంటి నిగారింపు. చేపనూ అట్లాగే చూశాను. ఊపిరి బాగా వేగం. ఒంటిమీద పలుచని తెల్లపొర. చర్మరోగమని తీర్మానించాను. అటువంటి పొరకు ఉప్పునీళ్లు మంచివని బెస్తవాళ్లు చెప్పగా విన్నాను. సేరు నీళ్లకు అర తులం ఉప్పు. రాజవ్వ నీళ్లు తెచ్చిన గుండిగలోనే కరిగించి, చేపను అందులో కాసేపు ఉంచి తీశాను. పొద్దటికి కోలుకుంటుందన్నాను. నాకే నమ్మకం లేని మాట అది.

పొద్దున అది వెల్లకిలా తేలి ఉంది. తహశీల్దారు ఠాణాకు చీటీ రాస్తున్నాడు. చచ్చినదాన్ని కోసి చూడకుండా కారణం రాయడం దవాఖాన కాయిదా కాదని, రూలు ఒప్పుకోదని గట్టిగా అన్నాను. కాయిదా అన్న మాటకు అతని కలం ఆగింది.

"నాలుగోది ఉన్నది గద. రేపటిదాక సూస్త," అన్నాడు.

వసారాలో కోశాను. పొట్టలో తేడా ఏమీ లేదు. తల పక్కనున్న మూత ఎత్తితే లోపల ఎర్రగా ఉండాల్సిన మొప్పలు నల్లబడి, చిక్కని జిగురు కమ్మి ఉన్నాయి. అంటే తిండిలో కాదు, నీళ్లలో వచ్చింది. అప్పుడు, అప్పుడు మాత్రమే, రాజవ్వను పిలిచి నీళ్లు ఎట్లా పోస్తున్నదో అడిగాను.

"మట్టికుండ మంచిగ లేదని దొరసాని గీ రాగి గుండిగ ఇచ్చిన్రు సారూ, పది దినాలాయె. రోజు పాత నీళ్లన్ని పారబోసి కొత్తయి పోస్తున్న. లోపట నల్లగున్నదని చింతపండుతోని తోమిన. సూడుండ్రి, అద్దం లెక్క జేసిన!"

తొంగి చూశాను. లోపలి కళాయి పూత పూర్తిగా పోయింది. లోపలంతా ఎర్రటి రాగి. కళాయి లేని గిన్నెలో మజ్జిగ పోయకూడదని ఇంటింటా తెలుసు, నీళ్ల సంగతి ఎవరూ ఆలోచించరు. మేం గొర్రెల డెక్కలు కడిగే మైలుతుత్తం రాగితో అయినదే. ఆ కడుగునీళ్లు పడ్డ గుంటలో జలగలు చావడం ఏళ్లుగా చూస్తున్నాను. ఉప్పు తగిలితే రాగి నీళ్లలోకి ఇంకా దిగుతుంది. నేను ఉప్పు కలిపింది ఆ గుండిగలోనే.

కొత్త కుండలు తెప్పించాం. బావినీళ్లు తోడి, గాలి పట్టేట్టు కుండలోంచి కుండలోకి పదిసార్లు పోసి, గాజుపెట్టె పక్కన ఉంచి, వేడి సమానమయ్యాక నాలుగో చేపను మార్చాను. తిండి పెట్టొద్దన్నాను. ఇక చేయడానికేమీ లేదు. మణికట్టు పట్టుకుని, నా నాడితో దాని ఊపిరి పోల్చి లెక్కపెడుతూ కూర్చున్నాను. నా నాడే నిలకడగా లేదు. తహశీల్దారు రెండుసార్లు వచ్చాడు, చేపను కాదు, మమ్మల్ని చూసి పోయాడు. పొద్దుగూకే దాకా తేడా లేదు.

"గిది గూడ పోతే నేను పోవుడే గద సారూ," అంది రాజవ్వ.

మరునాడు పొద్దున అది అడుగుకు దిగి ఈదుతోంది. మెతుకు వేస్తే అందుకుంది.

రిపోర్టులో రాగి సంగతి రాశాను. అంతటితో ఆపితే తప్పు తోమిన రాజవ్వ మీదికే పోతుంది. గుండిగ ఇచ్చిందెవరో, ఉప్పు కలిపిందెవరో కూడా రాశాను. తహశీల్దారు చదివి మడిచి, రాజవ్వను పనిలోకి పొమ్మన్నాడు. క్షమించమన్న మాట లేదు. వారానికి డాక్టరు వచ్చి, దవాఖాన పరువు పోతుందని, ఉప్పు వాక్యం కొట్టేసి సంతకం పెట్టాడు. నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ తప్పు నాది, నా పేరు మీదే ఉండాలి. కొట్టేయడానికి అతనెవరు?

నాలుగోది మెతుకు అందుకున్న ఆ పొద్దున బంగళా నుంచి వస్తుంటే రాజవ్వ వాకిట్లో ఆపింది.

"నన్ను మొదలే అడుగుతే మూడోది గూడ బతుకుతుండె గద సారూ?"

బతికేదేమో అన్నాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లు, పశువును చూడకముందే దానికి నీళ్లు పెట్టే మనిషిని అడిగాను. చాలా కేసుల్లో రోగం అక్కడే తెలిసింది.