ఈ నంబరు ఎవరిది?

మొన్న ఇంటికి ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చిన మెకానిక్, డబ్బాను తిరగేసి అడుగున అంటించిన పొడుగాటి నంబరును పైకి చదివాడు. నా చెయ్యి కుర్చీని గట్టిగా పట్టుకుంది. "ఏటి సార్, ఒంట్లో బావులేదా?" అన్నాడు. బాగానే ఉందన్నాను.

ఎనభైల చివర్లో ఆటోనగర్ దాటాక ఉన్న ఇనుము కరిగించే ఓ ప్రైవేటు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. ఉన్నవి ఎనిమిది, అన్నిటినీ కలుపుతూ వేలి లావు నల్ల కేబులు. ఒక్కోదానికి మేం పెట్టే నంబరు ఒకటి, లోపలి కార్డుకు తయారీలోనే పడ్డ నంబరు ఇంకొకటి. ఒక కంప్యూటరు మరోదానితో మాట్లాడాలంటే ముందు కేబులు మీద అన్నిటికీ వినబడేలా "ఈ నంబరు ఎవరిది?" అని అడుగుతుంది. ఆ నంబరున్నది "నాది" అని తన కార్డు నంబరు చెబుతుంది. అడిగింది అది రాసిపెట్టుకుని, కొన్ని నిమిషాల దాకా మళ్ళీ అడగదు. మా గదిలో పద్ధతీ అదే. కొత్తదానికి నంబరు పెట్టేముందు, ఎవరైనా వాడుతున్నారా అని కేకెయ్యాలి. నేను వేసేవాణ్ణి కాదు. గొంతు పెంచడం నౌకర్ల పని అని మా ఇంట్లో నేర్పారు. నాకు ఊహ తెలిసేసరికి నౌకర్లు పోయారు, భూములు పోయాయి, ఆ నేర్పొక్కటే నా వాటాకొచ్చింది. అందరినీ బావా అని పిలిచే గ్యాస్ ఫిట్టరు, యారాడ ఊరివాడు, "నోరిప్పితే ముత్యాలు రాలిపోతాయేటి బావా?" అని నవ్వేవాడు. ఆ పిలుపు నాకు నచ్చేది కాదు.

ఓ ఉదయం నా బల్ల మీది కొత్త కంప్యూటరుకు, ఖాళీయే అనుకుని ఓ నంబరు పెట్టాను. పరీక్షకని ఉత్తుత్తి గ్యాసు రీడింగులు వేశాను. కాసేపటికి పక్కనున్న కంట్రోల్ రూమ్‌లోకి వెళితే తెర మీద గ్యాసు పన్నెండు. ఎంతసేపు చూసినా పన్నెండే. అది నేను వేసిన అంకె. నేను పెట్టిన నంబరు కొలిమి గ్యాసును కొలిచే కంప్యూటరుది. ఆ నంబరు ఎవరిదని కంట్రోల్ రూమ్ కంప్యూటరు అడిగితే రెండూ నాదేనన్నాయి. అది నా కంప్యూటరు జవాబును రాసిపెట్టుకుంది.

"సేఫే సార్," అన్నాడు ఆపరేటరు. "ఫిట్టరు పైపు మూత ఇప్పడానికి ఎల్లాడు. సేఫని ఇప్పుడే ఆడికి సెప్పినాను."

కొలిమి గ్యాసుకు వాసన ఉండదు. పీల్చినవాడికి అనుమానం వచ్చేలోపే తెలివి తప్పుతుంది.

పరుగెత్తి నా కంప్యూటరును కేబులుకు కలిపే వైరు పీకి వచ్చాను. తెర మారలేదు. రాసిపెట్టుకున్న జవాబు చెరిగేదాకా అది నా కంప్యూటరునే అడుగుతుంది. కొలిమి దగ్గరికి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తేవాడు లేడు. బయటికి పరుగెత్తాను. నిచ్చెన మీద అతను, మూత బోల్టు మీద స్పానరు. యంత్రాల హోరులో నా గొంతు నాకే వినబడలేదు. రెండోసారి అరిచాను. "బావా! దిగిపో బావా!"

అతను వెనక్కి తిరిగాడు. "ఏటి బావా, నువ్వేనా అరిసింది?" అని నవ్వుతూ దిగాడు. చివరి మెట్టు మీద ఉండగానే కంట్రోల్ రూమ్‌లో ప్రమాద గంట మోగింది. రాసిపెట్టుకున్న జవాబు చెరిగి, అసలు రీడింగు వచ్చింది. తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. ఏ మాటల్లో చెప్పానో గుర్తులేదు.

ఆ ఫిట్టరుకిప్పుడు డెబ్బై దాటాయి. వారానికోసారి ఫోన్ చేసి నడుంనొప్పి గురించి గంటసేపు సణుగుతాడు. నేను అడ్డుపడను. నడుం నొప్పెట్టేంత కాలం ఆయన బతికినందుకు, ఆ గంటా చెవికి ఫోను ఆనించుకునే కూర్చుంటాను.