ఆదివారం నా డెస్క్ నుంచి వెళ్లిన ఫోన్

దయ్యాల కథలు చెప్పేవాళ్లని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలు ఉన్నాయని అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

2007లో మిషిగన్‌లోని ట్రాయ్‌లో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఉండేవాణ్ణి. మిషిగన్, ఒహాయో, అలబామా ప్లాంట్లలోని కంప్యూటర్లలో ఏ పని ఎన్నింటికి మొదలవ్వాలి, ఏది అయ్యాక ఏది నడవాలి అన్నది చూసుకోవడం మా టీమ్ పని. జాబ్ షెడ్యూలింగ్ అంటారు. తొమ్మిదేళ్లు అదే చేశాను.

ఆ ఏడాదే మా టీమ్‌లోకి వచ్చాడు మురళి. కరీంనగర్ వాడు, నాకంటే పదేళ్లు చిన్న. నన్ను "అన్నా" అనేవాడు. మూడు ప్లాంట్లకి విడివిడిగా ఉన్న షెడ్యూళ్లని కలిపి ఒకేచోటి నుంచి నడపొచ్చని చూపించాడు. ఆ మాట నేను నాలుగేళ్లుగా చెప్తున్నాను, ఎవరూ వినలేదు. అతను చెప్తే మా మేనేజర్ లిండా విని, ఆర్నెల్లలో అతన్ని టీమ్ లీడ్ చేసింది.

అతను నాకు చేసిన చెడు ఏమీ లేదు. నాకు ఒళ్లు మండింది అందుకే. ఒకసారి భార్యతో మా ఇంటికి భోజనానికొచ్చాడు. వాళ్లు వెళ్లాక మా ఆవిడ, "ఎంత నెమ్మదస్తుడండీ" అంది. ఆమెతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

మురళి తయారుచేసిన కొత్త షెడ్యూల్ ఆదివారం మధ్యాహ్నం మొదలవ్వాలి. శుక్రవారం దాన్ని చెక్ చేసి సంతకం పెట్టే పని నాకిచ్చారు. చూస్తుంటే ఒకచోట ఆగిపోయాను. అలబామా టైమ్ మాకంటే గంట వెనక. వాళ్ల ఆర్డర్ల ఫైల్ వాళ్ల టైమ్‌లో రెండింటికి వస్తుంది. మురళి మాత్రం ఆ ఫైల్ తీసుకునే జాబ్‌ని మా టైమ్‌లో రెండుంబావుకి పెట్టాడు. కొత్త ఫైల్ రాకముందే అది నడుస్తుంది, పోయిన వారం ఆర్డర్లే మళ్లీ వెళ్తాయి. సోమవారం పొద్దున అక్కడి ప్లాంట్‌లో తయారీ లైన్ ఆగిపోతుంది. టెస్టింగ్‌లో ఫైల్ ముందే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అతను హెచ్-వన్ వీసా మీద ఉన్నాడు. ఉద్యోగం పోతే దేశం వదలాల్సి వస్తుందని నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను.

"అంతా ఓకేనా అన్నా?" అని అడిగాడు.

"బాగుంది" అన్నాను.

ఆదివారం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఫ్రెండ్ కూతురి బర్త్‌డే. పన్నెండు నుంచి నాలుగు దాకా అక్కడే ఉన్నాను. రెండు దాటాక గడియారం చూసుకున్నాను. జాబ్ నడిచిపోయి ఉంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, సంతోషంగానే అనిపించింది.

సోమవారం లైన్ ఆగలేదు. లిండా నా డెస్క్ దగ్గరికొచ్చి థాంక్స్ చెప్పింది. ఎందుకో అర్థంకాలేదు. ఆమె వెళ్లాక మురళి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిన్న మీరు ఫోన్ చేయకపోతే నా పని ఖతమే అన్నా."

నేను చేయలేదని అనబోయాను. అతను గొంతు తగ్గించాడు.

"శుక్రవారమే చూశానని, కావాలనే చెప్పలేదని అన్నారు గదా. అది లిండాకి చెప్పలే. ఎవరికీ చెప్ప. మీరు ఏడుస్తుంటే నాకే ఎట్లనో అయింది."

శుక్రవారం సంగతి నేను మా ఆవిడకి కూడా చెప్పలేదు.

అతని సెల్‌ఫోన్ అడిగి చూశాను. ఆదివారం ఒకటీ నలభై ఒకటికి కాల్. ఆఫీసులో నా డెస్క్ ఫోన్ నంబర్ నుంచి. మూడు నిమిషాలు మాట్లాడినట్టుంది. ఆ వెంటనే అతను ఇంటి నుంచి లాగిన్ అయి జాబ్ ఆపి, టైమ్ మార్చాడట.

డెస్క్ మీద వస్తువు పోయిందని అబద్ధం చెప్పి, బ్యాడ్జితో ఎవరెప్పుడు లోపలికొచ్చారో చూపే తలుపు రికార్డు సెక్యూరిటీ అతని దగ్గర చూశాను. ఆదివారం మా ఫ్లోర్‌కి ఎవరూ రాలేదు. నా డెస్క్ ఫోన్‌ని బయటి నుంచి వాడే వీలుందా అని ఫోన్లు చూసేవాళ్లని అడిగాను. లేదన్నారు. తర్వాత ఫ్రెండ్ బర్త్‌డే ఫొటోలు పంపాడు. ఒకటీ నలభై మూడుకి తీసిన దాంట్లో కేక్ ప్లేట్ పట్టుకుని నవ్వుతున్నాను.

మురళి రెండేళ్ల తర్వాత వేరే ఉద్యోగానికి శాన్ రామన్ వెళ్లిపోయాడు. వెళ్లేముందు లంచ్‌కి తీసుకెళ్లి అంతా చెప్పేశాను. తప్పు చూసి దాచింది నేనే, ఫోన్ చేసింది మాత్రం నేను కాదు అన్నాను. ఫొటో కూడా చూపించాను.

అతను చాలాసేపు ఫొటో చూశాడు.

"మీ గొంతు నాకు తెల్వదా అన్నా" అన్నాడు.

ఆ మూడు నిమిషాలు నా గొంతుతో ఏడ్చిందెవరో నాకు ఈరోజుకీ తెలియదు. మురళి ఇప్పటికీ ఫోన్ చేసి ఆప్యాయంగా మాట్లాడతాడు. ఆ ఆప్యాయత నాకు దక్కాల్సింది కాదు, ఆ రోజు ఫోన్ చేసినవాడికి. వాడి మీద కూడా నాకు కుళ్లే.