జైనాబ్ బీ పంచిన పేరు

మా పక్కింటి జైనాబ్ బీకి ఒకటే పిచ్చి. తన చేతుల మీద పుట్టిన ప్రతి ఆడపిల్లకీ ఖుజిస్తా అని పేరు పెట్టాలి. ఆదోనిలో ఆమెను మించిన మంత్రసాని లేదు కాబట్టి ఊరంతా ఆ పిచ్చిని భరించింది.

పేరు పెడితే చాలదు, పలకాలి కూడా. మంత్రసానికి చీర పెట్టి బిడ్డను అందుకోవడం మా వైపు ఆనవాయితీ. జైనాబ్ బీ చీర వద్దనేది. తండ్రి ఆ పేరు సరిగ్గా పలికేదాకా బిడ్డను ఒడిలోంచి వదిలేది కాదు.

"కుజిస్తా," అన్నాడు పత్తిమిల్లులో మూటలు మోసే యూనుస్.

"అది కాదప్పా. గొంతులోంచి రావాల. చేపముల్లు ఇరుక్కుంటే ఎట్ల కక్కుతావు? అట్ల."

యూనుస్ కక్కినంత పని చేశాడు. మూడోసారికి పేరు వచ్చింది, బిడ్డ వచ్చింది.

ఎమ్మిగనూరు నుంచి కబురొచ్చినా బస్సెక్కి పోయేది. అక్కడ మగ్గం నేసే ఉచ్చీరప్ప ఎదురు తిరిగాడు.

"మా కులంలో ఇట్లాంటి పేరు లేదమ్మా."

"మీ యమ్మ పేరేందప్పా?"

"మస్తానమ్మ."

"ఆ పేరు మీ కులానికి యాడ దొరికె?"

కూతురు ఖుజిస్తమ్మ అయింది. చివర 'అమ్మ' తగిలించుకోవడానికి జైనాబ్ బీ పెద్ద మనసు చేసుకుని ఒప్పుకుంది.

నాకిదంతా తమాషాగానే ఉండేది, 1980 జూన్‌లో నేను పాఠాలు చెప్పే ఒకటో తరగతిలో అయిదుగురు ఖుజిస్తాలు చేరేదాకా. హాజరు పిలిస్తే అయిదుగురూ లేచేవారు. నేను తప్పు పలికితే అయిదుగురూ కలిసి దిద్దేవారు. ఓపిక నశించి, ఓ సాయంత్రం జైనాబ్ బీని నిలదీశాను.

"ఊళ్లో వేరే పేర్లు కరువయ్యాయా జైనాబమ్మా?"

"నాలుగో తరగతిలో ఒక ఖుజిస్తా ఉండాది గదా టీచరమ్మా. అదీ మొదటిది."

ఎరగకేం? మా వీధిలోని అమీనా బీ మనవరాలు. ఆ పిల్ల పుట్టిన రోజే తండ్రి లారీ బోల్తాపడి చనిపోయాడు. అప్పట్నుంచి అమీనా బీ ఆ పిల్లను 'మన్హూస్', అంటే అశుభం, అనే పిలిచేది. పెళ్లిళ్లకు పోయేటప్పుడు ఇంట్లో పెట్టి గొళ్లెం వేసేది.

"ఖుజిస్తా అంటే శుభం. నేనే పెట్టినా. ఆ పేరు చెవిన పడితే కీడని జనం అన్నారు. అందుకే ఇంటింటా పెట్టించినా. ఇప్పుడు ఆ పేరును తిట్టాలంటే వాళ్ల బిడ్డనే తిట్టుకోవాల. తిట్టమను, సూస్తా."

తగాదాకి పోయిన నేను సిగ్గుపడి ఇంటికొచ్చాను.

ఆ చలికాలంలోనే అమీనా బీ చిన్నకోడలికి కాన్పయింది. వేడినీళ్లు అందించడానికి నేనూ ఉన్నాను. ఆడపిల్ల పుట్టింది. అమీనా బీ కొత్తచీర పట్టుకుని వచ్చింది. గడప అవతల మనవరాలు తొంగి చూస్తోంది.

"దాన్ని లోపలికి రానియ్యద్దు," అంది అమీనా బీ.

జైనాబ్ బీ బిడ్డను గుండెకు హత్తుకుంది. "నీ చీర నాకొద్దు. ఆ పిల్లను పేరు పెట్టి పిలువు."

"పిలవను."

"అట్లయితే ఈడనే కూసుంటా. నాకేం తొందర లేదు."

బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. మంచం మీంచి కోడలు, "పిలువు అత్తా," అని బతిమాలింది. అమీనా బీ చాలాసేపు చీర అంచు నలిపి, ఆఖరికి గడప వైపు తిరిగింది.

"కుజిస్తా."

"గొంతులోంచి," అంది జైనాబ్ బీ, జాలి లేకుండా.

"ఖుజిస్తా, రా."

తొమ్మిదేళ్లలో నాయనమ్మ నోట తన పేరు వినడం ఆ పిల్లకు అదే మొదలు. పరుగున వచ్చి చేతులు చాపింది. జైనాబ్ బీ బిడ్డను నేరుగా ఆ చేతుల్లో పెట్టింది. నా కళ్లు చెమర్చాయి గానీ నవ్వే ఎక్కువ వచ్చింది.

"దీనికీ అదే పేరు పెట్టాల్నా?" అని నీరసంగా అడిగింది అమీనా బీ.

"నీ మనవరాలు, నీ ఇష్టం," అంటూ జైనాబ్ బీ చేతులు కడుక్కుంది. "ఊర్లో ఖుజిస్తాలు చాలినంత మంది ఉండారు."