సంగప్ప అడగని ప్రశ్న లేదు

సంగప్పకు ప్రశ్నలడిగే రోగం ఉంది. రోగమన్న మాట నాది కాదు, ఆయన పెళ్లాం ఎంకమ్మది. పెళ్లిచూపులకు వెళ్లి పిల్లను ఒక్క మాటా అడగకుండా, ఇంటి మీది రేకులు ఎక్కడ కొన్నారని కాబోయే మామను పొద్దు గూకేదాకా విచారించాడట. పిల్ల నచ్చిందా లేదా అని చివరికి ఆ మామే గట్టిగా నిలదీస్తే, "నచ్చింది మామా. గాని వాన పడితె రేకుల చప్పుడు ఎంతొస్తది?" అన్నాడట.

పటాన్‌చెరు దగ్గర మా ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. నేను స్టోర్సులో, ఆయన బాయిలర్ దగ్గర. బీహారు నుంచి కొత్త కూలీ దిగితే చాలు, చాయ్ గ్లాసు ఖాళీ అయ్యేలోపల "తుమ్హారా గావ్ మే భైంస్ కిత్నా దూద్ దేతా?" అని ఊళ్లో బర్రె ఇచ్చే పాల దగ్గర మొదలుపెట్టి ఆ మనిషి ఊరు, ఇల్లు, మేనత్త కాపురం దాకా తేల్చేసేవాడు. ఒకసారి మేనేజరు గారు తనిఖీకి వస్తే, "సార్, మీ కండ్లద్దాలు తీస్తె మేం ఎట్ల కనపడ్తం?" అని అడిగాడు. అప్పటినుంచి మేనేజరు బాయిలర్ పక్క నుంచి పోవడమే మానుకున్నాడు.

ఇటువంటి మనిషితో నాకు ఆదివారాలు కూడా రాసిపెట్టి ఉన్నాయి. తొంభైల్లో మా బిడ్డ స్వరూపకూ, వాళ్ల బిడ్డ బాలమణికీ ఒకే ఏడు సర్కారు గురుకులంలో సీట్లు వచ్చాయి. ప్రవేశపరీక్ష రాసి జిల్లా అంతటితో పోటీపడి గెలుచుకోవలసిన సీటు అది. తిండి, చదువు, బట్ట అన్నీ అక్కడే. నెలకొక ఆదివారం తల్లిదండ్రులను లోపలికి రానిచ్చేవారు. సద్ది గిన్నెలు పట్టుకుని అందరం పోయి వేపచెట్ల కింద కూర్చునేవాళ్లం.

అక్కడ నాకు తెలిసిన వింత ఏమిటంటే, బడి ఒకటే, కాని ఎవరి బడి వాళ్లది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి వచ్చే సోమమ్మ కూలి పని చేసుకునే మనిషి. "కడుపునిండ తింటున్నవా?" అని బిడ్డను అడిగేది. తింటున్న అంటే, "మా అవ్వగారింట్ల గూడ నాకు గిట్ల పెట్టలే" అని గేటుకు దండం పెట్టేది. ఇంజనీరు రామలింగేశ్వరరావు గారు కొడుకును ఇంగ్లీషులో ఏదో అడిగేవారు. వాడు తెలుగులో జవాబిచ్చేవాడు. "ఇదేం స్కూలండీ, జైలు నయం" అని ఆయన నిట్టూర్చేవారు. నేను ర్యాంకెంత అని అడిగి, చెప్పింది విని ఛాతీ విరుచుకునేవాణ్ని. నా భార్య అరుణ అయితే బిడ్డ కనపడగానే తలస్నానంతో విరబోసుకుని ఉన్న జుట్టు పట్టుకుని, దువ్వెన తీసి, నూనె పెట్టి జడలు వేస్తూ, "తిన్నవా బిడ్డా?" అనేది. "తిన్న" అనేది స్వరూప. అంతటితో మా విచారణ ముగిసేది.

సంగప్ప మా మధ్య కూర్చుంటేగా. పిల్లల గుంపులో చతికిలబడి, "పొద్దుగాల ముందు ఎవరు లేస్తరు? నీళ్లు సల్లగుంటయా? పక్క మంచం పిల్ల గురక పెడ్తదా? ఎవరి సబ్బు పోయింది? దొంగ దొరికిండా?" అని అడుగుతూనే ఉండేవాడు. పిల్లలు పడి పడి నవ్వేవారు.

"మీరేమన్నా సీఐడీనా అండీ?" అన్నారు ఒకసారి రావు గారు చిరాకుపడి.

"కాదు సార్. సీఐడీలకు జీతమెంతుంటది?"

రావు గారు గొడుగు తీసుకుని ఇంకో చెట్టు కిందికి వెళ్లిపోయారు.

అట్లా నవ్వుకుంటూ ఉండగానే మా ఇంట్లో నవ్వు పోయింది. దసరా దాటాక స్వరూప తల్లి కొంగు పట్టుకుని, "నన్ను ఇంటికి తీస్కపోండ్రి" అని ఏడ్చింది. కొడుతున్నారా అంటే లేదు. అన్నం బాగాలేదా అంటే బాగుంది. మరి ఏమిటంటే నోరు విప్పదు. ఆ తర్వాతి నెలా అదే ఏడుపు.

"వచ్చే నెల ఆదివారం టీసీ తీసుకుందం. సీటుతోని పనేంది, నా బిడ్డ నాకు కావాలె," అంది అరుణ. ఒకసారి వదిలితే ఆ సీటు మళ్లీ రాదు. ఉంచుదామంటే పిల్ల ముఖం గుర్తొస్తుంది.

సంగప్పకు చెప్పుకుంటే ధైర్యం చెబుతాడనుకున్నాను. "ఏడిశేటప్పుడు ఏ చేత్తోని కండ్లు తుడుసుకుంది? రిబ్బన్లు యాడ పెట్టుకుంటది?" అన్నాడు.

"సంపకు సంగప్పా. నా పరేషాన్ల నేనున్న," అని లేచి వచ్చేశాను.

ఆదివారం వచ్చింది. అరుణ నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి నడిచింది. వెనకాలే నేను. మా కంటే ముందే లోపల సంగప్ప.

"సార్, టీసీ ఇచ్చినంక గా సీటు ఎవరికి పోతది?"

"వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకి."

"వాళ్లకెట్ల ఎరుకైతది? కార్డు రాస్తరా, మనిషిని పంపుతరా? గా పిల్ల ఊర్ల లేకపోతె?"

ప్రిన్సిపాల్ తల పట్టుకున్నారు. "అయ్యా, ముందు మీరు బయటికి నడవండి. అమ్మా, మీరు భోజనాలయ్యాక రండి," అన్నారు.

అరుణ కళ్లు నిప్పులయ్యాయి. సంగప్ప అదేమీ పట్టనట్టు చెట్టు కింద స్వరూప ఎదుట కూర్చున్నాడు. అరుణ అలవాటుగా దువ్వెన తీసింది.

"వదినా, జెరసేపు గా దువ్వెన పక్కకు పెట్టు," అన్నాడు. తరువాత స్వరూప వైపు తిరిగి, "బిడ్డా, పొద్దుగాల ప్రార్థనకు ఎవరు ఆలస్యంగ వస్తరు?"

"నేనే."

"ఇంకెవరు రారా?"

"రారు. నేనొక్కదాన్నే బయట నిలబడ్త. అందరు సూస్తరు."

"ఎందుకు ఆలస్యమైతది?"

పిల్ల తల వంచుకుంది. సంగప్ప గొంతు తగ్గించి, "జడలెవరేస్తరు?" అన్నాడు.

స్వరూప ఏడుపు కట్ట తెగింది. రెండు జడలు వేసి మడిచి రిబ్బన్లు కట్టుకోవాలట. ఎవరివి వాళ్లే వేసుకోవాలట. ఇంటి దగ్గర ఏనాడూ దువ్వెన ముట్టిన పిల్ల కాదు. ర్యాంకు వచ్చిన పిల్లకు జడ రాదంటే నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు.

అరుణ పక్కన పెట్టిన దువ్వెన వైపు చూసింది. వచ్చిన ప్రతిసారీ ఆ జడలు తనే వేసింది. బిడ్డ బాధ చేతుల్లోనే ఉన్నా తెలియలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక పిల్లను దగ్గరికి లాక్కుంది.

"నీకు ముందుగాలనే ఎరుకనా?" అన్నాను సంగప్పతో.

"అనుమానముండె. మా బాలమణి చెప్పింది, దినాము బయటనే నిలబడ్తదని."

"మరి మాకు చెప్పొచ్చు గద?"

"నేను చెప్తె పిల్ల సిగ్గుపడ్తది అన్నా. అడిగితె తానే చెప్తది, బరువు దిగుతది."

అవతలి చెట్టు కింద నుంచి రావు గారు నెమ్మదిగా లేచి వచ్చారు. "మావాడు రాత్రిళ్లు వరండా చీకటికి భయపడతాడని వాడి నోటితోనే అనిపించింది ఈయనేనండీ. బల్బు పెట్టేదాకా వార్డెన్ని వదల్లేదు," అన్నారు. సంగప్ప సిగ్గుపడి, "గా బల్బు ఏ కంపెనీది సార్?" అని ఆయన మీదికి మళ్లాడు.

భోజనాలయ్యాక మేం ప్రిన్సిపాల్ గదికి పోలేదు. చెల్లెళ్లందరికీ జడలు వేసి చెయ్యి తిరిగిన సోమమ్మ బిడ్డ, స్వరూపను ముందు కూర్చోబెట్టుకుని పాయలు తీయడం చూపిస్తూ ఉంది.

మరుసటి నెల స్వరూప గేటు దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒక జడ చెవి పైన ఉంది, రెండోది మెడ మీద ఉంది. ఒక రిబ్బను అప్పుడే ఊడిపోతోంది. అరుణ చెయ్యి సంచిలోకి పోయి ఆగింది.

"ఎవరేసిండ్రు బిడ్డా?"

"నేనే."

అరుణ ఆ వంకర జడలను ముట్టుకోలేదు. పిల్లను వెంటబెట్టుకుని చెట్టు చెట్టుకూ తిరిగి అందరికీ చూపించింది.

సాయంత్రం పటాన్‌చెరు బస్సులో అరుణ వెనక సీటు వైపు తిరిగింది. "సంగన్నా, వచ్చే నెల పిల్లను ఇంకేమేమడగాలె?"

సంగప్ప ముఖం వెలిగిపోయింది. చెప్పడం మొదలుపెట్టాడు. మేం దిగవలసిన స్టాపు వచ్చింది, పోయింది. అరుణ లేవలేదు. నేనూ లేపలేదు.