పదకొండో వాన

మా ఊరికి పడమట, ఎర్రమలల వరుసలో ఒక శిఖరం ఉంది. దాని మీద వాన పడితే ఆ నీరు రాళ్ల సందుల్లోంచి దిగి మా ఊరి బయటి వంకలోకి వస్తుంది. వంక ఏడాదికి ఒకసారి పారితే చాలనుకునే నేల మాది.

నేను బడికి పోయింది తక్కువ. వయసులో ఉండగా డోన్ స్టేషనులో మూటలు లెక్కపెట్టే పనిచేస్తూ అంకెలు నేర్చుకున్నాను. ఒక రైలు గార్డు దగ్గర పాత జేబు గడియారం కూడా కొన్నాను. అక్కడే, యుద్ధం ముగిసి ఊరికి తిరిగిపోతున్న సిపాయి ఒకడు, ఉత్తరాది కొండల మీద మంచు నిలువెత్తున పేరుకుంటుందనీ, ఎండాకాలంలో అది కరిగి ఏరులు పారతాయనీ చెప్పాడు. ఎండాకాలంలో పారే ఏరు! ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మా కొండ ఒక్క పూట కూడా నీటిని దాచుకోదు. అయితే ఎంతసేపట్లో వదిలేస్తుందో చూడాలని నాకు అప్పుడు బుద్ధి పుట్టింది.

సేద్యానికని ఊరికి తిరిగొచ్చాక మొదలుపెట్టాను. వానలో శిఖరం కనబడకుండా పోయిన క్షణం ఒకటి, వంక మధ్యలోని నల్లబండను నీళ్లు తాకిన క్షణం ఒకటి రాసుకునేవాణ్ణి. తొమ్మిదేళ్లలో పదిసార్లు రాశాను. అన్నిటికన్నా తొందరగా వచ్చిన నీటికి రెండూముప్పావు గంటలు పట్టింది. జాగ్రత్త కోసం అందులోంచి అరగంట తీసేసి, ఊళ్లో ఎవరడిగినా రెండుంబావు గంటలని చెప్పేవాణ్ణి.

మా అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. బావ చనిపోయాక నా దగ్గరే ఉండేది. ఇరవై దాటితే ఆమెకు లెక్క రాదు. అయినా నా నోటుబుక్కు గురించి ఊరంతా చెప్పుకునేది.

"కొండకు జాతకం రాస్తాండాడు మావోడు," అనేది. "దానికి పెండ్లి ఎప్పుడో కూడా చెప్తాడు, అడగండి."

వంక పారిన మరునాడు, నీళ్లు చీలమండల లోతుకు తగ్గాక, రొట్టెలు కట్టుకుని అవతలి గట్టుకు పోవడం మా ఊరి అలవాటు. అక్కడ పనేమీ ఉండదు. నీళ్లు చూడడానికే పోతారు. ముసలివాళ్లు నీళ్లలో కాళ్లు పెట్టి కదలకుండా కూర్చుంటారు. ఆడవాళ్లు ఏడాది మురికి పట్టిన కంబళ్లు తెచ్చి ఉతుకుతారు.

ఆ ఏడాది కూడా అలాగే పోయాం. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి పంచుకుని తింటున్నాం. ఒంటిగంట దాటి పది నిమిషాలకు శిఖరం వానలో మాయమైంది. మా పక్క చేని రైతు, నేను మామా అని పిలిచే పెద్దాయన, లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా లెక్కలాయనా, నిన్న పడిందే, మళ్లా పడతాండాది. పోదామా?"

నేను గడియారం తీశాను. "మూడున్నరకు ఐదు నిమిషాలు తక్కువ దాకా భయం లేదు మామా. శానా టైముండాది. నిదానంగా తినండి."

ఇద్దరు ముగ్గురు అప్పటికే మూటలు కట్టుకుంటున్నారు. అక్క వాళ్లను ఆపింది.

"యాడికి పరిగెత్తుతాండారు? మా తమ్ముడు గడియారం చూసి చెప్పినాడు గదా, కూచోండి."

వాళ్లు నవ్వి కూర్చున్నారు. తినడమయ్యాక, రెండు కావస్తుండగా, అక్క నా కంబళి తీసుకుని వంకలోకి దిగింది.

"అది ఎందుకక్కా ఇప్పుడు?"

"నువ్వు కప్పుకునేదే గదరా. మేక కంపు కొడతాండాది. నీ లెక్కల్లో అది రాసుకోలేదా?"

నల్లబండ మీద కూర్చుని కంబళి రుద్దడం మొదలుపెట్టింది.

కాసేపటికి పైనుంచి ఒక చప్పుడు వినిపించింది. రాళ్లు దొర్లే చప్పుడు. పదిసార్లు విన్న చెవులు నావి. అది నీళ్లదని నాకు తెలుసు. కానీ గడియారం చూశాను. ఇంకా గంట ఉంది. ఉరుమై ఉంటుందనుకున్నాను. అక్కకు కూడా వినిపించింది. ఆమె తల ఎత్తి వంక ఎగువకు చూడలేదు, నా వైపు చూసింది. ఏమీ లేదని నేను చెయ్యి ఊపాను. ఆమె మళ్లీ కంబళి మీదికి వంగింది.

గట్టు మీద ఉన్నవాళ్లం అందరం బతికాం. అక్క మరునాడు పొద్దున, అర మైలు దిగువన తుమ్మకంపల్లో దొరికింది. కంబళి కొస ఆమె చేతికి చుట్టుకుని ఉంది.

ఊళ్లో ఎవరూ నన్ను ఒక మాట అనలేదు. మామ మాత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని, "నేను లేసినోన్ని మళ్లా కూచుంటినే, నేను కూచుంటినే," అని తన తలే కొట్టుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తప్పు ఎక్కడుందో తెలియడానికి నాకు చాలా నెలలు పట్టింది. నేను రాసుకున్న పది వానలూ ఎండిపోయిన కొండ మీద పడినవే. వరుసగా రెండు రోజులు వాన పడడం ఆ తొమ్మిదేళ్లలో మేము చూడలేదు. ఎండిన కొండ ముందు తాను తాగి, సందులన్నీ నింపుకుని, ఆ తరువాతే నీరు వదులుతుంది. అది తాగే సమయాన్ని నేను దూరం అనుకున్నాను. ఆ రోజు దానికి దాహం లేదు. ఏమీ దాచుకోదని నేను అనుకున్న కొండ, ముందురోజు వాననంతా కడుపులో పెట్టుకుని ఉంది.

నోటుబుక్కులో కొత్తగా ఒక గడి గీశాను. అంతకుముందు కొండ తడిసి ఎన్నాళ్లయిందో రాసే గడి. పై పది వరుసల్లో అది ఖాళీగానే ఉంది, అప్పట్లో నేను ఆ సంగతి గమనించలేదు కాబట్టి. పదకొండో వరుసలో ఒక రోజు అని రాశాను. దాని పక్కన గంటా పది నిమిషాలు అని రాశాను. ఆ అంకెలో నిమిషం తేడా కూడా ఉండదు. నీళ్లు నల్లబండను తాకినప్పుడు నేను ఇంకా గడియారంలోకే చూస్తున్నాను.